గులాబీ ముఠా

జులై 5, శనివారం

రాజమండ్రి నుంచి ఇంటికి చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. నడుం పట్టేసింది గానీ మనసు మాత్రం భలే హుషారుగా ఉంది. ‘దొంగ ఖాతాలు, తప్పుడు వార్తలు పట్టుకోవడం ఎలా’ అని టీచర్లకు ఒకరోజు శిక్షణ పెట్టారు. మా హైస్కూలు నుంచి నన్ను పంపారు. భోజనంలో గుత్తివంకాయ బాగుంది. చివర్లో సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

దొంగ ఖాతా ఆనవాళ్లు మరచిపోకుండా రాసుకుంటున్నాను. మనిషి ముఖం ఉండదు, పువ్వో పసిబిడ్డో ఉంటుంది. పేరు మనిషి పేరులా ఉండదు. ఖాతా ఈ మధ్యే తెరిచినదై ఉంటుంది. ఇలాంటివి పదీ పన్నెండూ కలిసి ఒకే వేళకు ఒకే పోస్టు పంచుతుంటే అది ముఠా. ఇంత తేలికైన సంగతి తెలియకుండా ఇన్నాళ్లు ఎలా బతికానో!

మా ఆయన సర్టిఫికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, “హాల్లో పెళ్లి ఫోటో తీసేసి ఇది తగిలిద్దామా?” అన్నారు. రోజంతా స్టేషన్లో కౌంటరు వెనక కూర్చుని టికెట్లిచ్చే మనిషి. వెటకారమంతా ఇంటికి దాచుకుని తెస్తారు.

అత్తయ్య మాత్రం శ్రద్ధగా అడిగింది. “కిందటి నెల మా లేసు సంఘం ఆడవాళ్లకి ఫోన్ క్లాసు చెప్పావు కదమ్మా, ఇదీ అలాంటిదేనా?”

“దానికీ దీనికీ పోలికేంటి అత్తయ్యా! అది అ ఆ లు. ఇది డిగ్రీ.”

జులై 7, సోమవారం

నేర్చుకున్న విద్యకు రెండో రోజే పని పడింది.

‘గోదావరి గుట్టు’ అని ఫేస్‌బుక్కులో ఒక పేజీ. అందులో వీడియో. ఒక పెద్ద మిషను గజాల కొద్దీ లేసు కక్కుతోంది. వెనక నుంచి ఒక మగ గొంతు, “నరసాపురం చేతి అల్లిక అంటూ మిమ్మల్ని ఇలా మోసం చేస్తున్నారు” అంటోంది. పక్కనే సంఘం పెద్ద, మా అత్తయ్య సంపూర్ణమ్మ ఫోటో, సంఘం బోర్డుతో సహా. నేను నడిపే సంఘం పేజీలోంచే ఎత్తేశారు.

అత్తయ్య కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చూసింది. “ఫోటో బానే ఉంది. కూతలే బాలేవు” అంది. నవ్వుతూనే అంది గానీ రాత్రి అన్నం సగంలో లేచిపోయింది.

వచ్చింది మామూలు కష్టం కాదు. బెంగుళూరు నుంచి రాజేంద్ర గారు క్రిస్మస్ అమ్మకాలకు టేబుల్ కవర్లు కావాలని నమూనాలు పట్టుకెళ్లారు. ఈ నెలాఖరులోగా ఖాయం చేస్తామన్నారు. అది వస్తే సంఘంలో అందరికీ చలికాలం దాకా చేతినిండా పని. మధ్యలో దళారీ లేకుండా, సంఘం పేరు మీదే సరుకు బయటికి వెళ్లడం ఇదే మొదటిసారి. అత్తయ్య ఇరవై ఏళ్లుగా దీనికోసమే చూస్తోంది. ఆ వీడియో రాజేంద్ర గారి కంట పడితే ఇంతే సంగతులు.

జులై 8, మంగళవారం

పడింది. ఆయనే ఫోన్ చేశారు. “ఏంటండి మేడమ్ గారూ ఇది? మా ఆఫీసులో ముగ్గురు చూపించారు.”

“వారం రోజులు టైం ఇవ్వండి, ఇది ఎవరి పనో సాక్ష్యాలతో సహా పంపిస్తాను” అన్నాను. నా గొంతు నాకే పోలీసు గొంతులా వినిపించింది. బాగుంది.

జులై 9, బుధవారం

దొరికారు!

ఆ వీడియో మన ఊళ్లో ఇంతలా తిరగడానికి కారణం పద్నాలుగు ఖాతాలు. ఒక్కదానికీ ముఖం లేదు. తొమ్మిదింటికి గులాబీ పువ్వు, మిగతావాటికి పసిపిల్లలూ పావురాలూ. అన్నీ కిందటి నెలలో తెరిచినవే. పేర్లు చూడాలి: చిన్ని చిన్నారి, బుజ్జి నాని, స్వీటీ రోజ్, ప్రభువు కృప. దేవుడి పేరు పెట్టుకుని ఈ పనులా! అన్నింటికీ ముందు నడిచేది జెస్సీ బంగారం అని ఒకతి. ఆవిడ పంచిన నిమిషానికల్లా మిగిలినవాళ్లు వరసగా పంచుతారు. ప్రతిరోజూ మధ్యాహ్నం మూడు దాటాకే. ఒక్క మాట రాయరు, పైన ఎర్రటి కోపం బొమ్మ మాత్రం పెడతారు. మా మీద ఎంత పగ!

వీళ్లకు గులాబీ ముఠా అని పేరు పెట్టాను. మా ఆయనకు చెబితే, “మంచి పేరు. మా చర్చి కోయిర్‌కి పెట్టుకుంటాం, ఇస్తావా?” అన్నారు.

జులై 11, శుక్రవారం

ముఠా ఎవరిదో కూడా తేలిపోయినట్టే. బస్టాండు పక్కన అప్పాజీ గారికి లేసు కొట్టు ఉంది. అమ్మేదంతా మిషను లేసు. మొన్న మార్కెట్లో కనబడి, “బెంగుళూరు ఆర్డరు ఎంతవరకు వచ్చిందండి?” అని అడిగారు. ఆయనకెందుకు? ఇప్పుడు అర్థమైంది.

మా ఆయన అడ్డుపడ్డారు. “అప్పాజీ గారు అలాంటి మనిషి కాదు హెలెన్. బోర్డు మీదే మిషను లేసు అని రాసుకుని అమ్ముతాడు.”

“అదేనండీ తెలివి” అన్నాను.

ఆయన పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఓటమి ఒప్పుకున్నట్టే కదా.

జులై 13, ఆదివారం

ఈ రోజంతా ముఠా కదల్లేదు. చర్చిలో ప్రసంగం సాగుతూనే ఉంది, నేను మధ్యమధ్యలో ఫోను చూస్తూనే ఉన్నాను (ప్రభువు క్షమించాలి). పదకొండు, పన్నెండు, ఇంటికొచ్చాక మూడు కూడా దాటింది, ఒక్క గులాబీ కూడా విచ్చుకోలేదు. జీతానికి పనిచేసేవాళ్లకు ఆదివారం సెలవు కాబోలు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అత్తయ్య మోచేత్తో పొడిచి ఫోను లోపల పెట్టించింది. మా ముందు వరసలో లేసు సంఘం అంతా బుద్ధిగా కూర్చుని వాక్యం వింటున్నారు. నేర్చుకోవాలి వాళ్లను చూసి.

జులై 14, సోమవారం

పద్నాలుగు ఖాతాల మీదా ఫేస్‌బుక్కుకు ఫిర్యాదు పెట్టాను. సంఘం పేజీలో పోస్టు రాశాను. ‘బస్టాండు పక్కన మిషను సరుకు అమ్ముకునే ఒక పెద్దమనిషి కూలి ముఠాను పెట్టి ఆడవాళ్ల కడుపు కొడుతున్నాడు’ అని. పేరు రాయలేదు. బస్టాండు పక్కన లేసు కొట్టు ఒకటే కాబట్టి రాయాల్సిన అవసరమూ లేదు. రాజేంద్ర గారికి కూడా పంపించాను.

రాత్రయ్యేసరికి ఊరంతా చదివేశారు. భీమవరం నుంచి, పాలకొల్లు నుంచి, ఎవరెవరో ‘శభాష్ మేడమ్’ అంటున్నారు. నిద్ర పట్టడం లేదు, సంతోషంతోనే.

జులై 16, బుధవారం

విజయం. పద్నాలుగు ఖాతాలూ మూసేశారు. వెతికితే ఒక్క గులాబీ లేదు.

స్కూల్లో స్టాఫంతా టీ తాగుతూ నాకు చప్పట్లు కొట్టారు. సాయంత్రం ఇంటికి వస్తే అరుగు మీద అత్తయ్య, సుబ్బాయమ్మ గారు, సంఘంలో మిగతావాళ్లు లేసు ఒళ్లో పెట్టుకుని దిగాలుగా ఉన్నారు.

“అమ్మాయ్, నా ఫోను ఫేస్‌బుక్కులోకి వెళ్లనివ్వట్లేదు, చూస్తావా?” అంది అత్తయ్య.

“నాది కూడానండి” అంది సుబ్బాయమ్మ గారు.

“నెట్ పోయుంటుంది అత్తయ్యా, రేపు చూస్తాను. ఇప్పుడు రాజేంద్ర గారికి రిపోర్టు రాయాలి” అని లోపలికి వచ్చేశాను. చిన్న చిన్న వాటికి నన్ను పిలుస్తారు.

జులై 17, గురువారం

రాజేంద్ర గారు ఫోన్ చేశారు. నేను మెచ్చుకోలు కోసం చెవి రిక్కించుకుని కూర్చున్నాను.

“అప్పాజీ గారు మాకు పదేళ్లుగా తెలుసండి. ఆ వీడియో చూడగానే నేను మొదట ఫోన్ చేసింది ఆయనకే. సంపూర్ణమ్మ గారి సరుకు చేత్తో అల్లిందే, కళ్లు మూసుకుని తీసుకోండి అన్నారు. మీరు ఆయన్నే ఇలా రాశారు.”

నేను సాక్ష్యాలు చెప్పబోయాను. వినలేదు.

“మీ ఊళ్లో మీకే ఇన్ని తగాదాలుంటే మేం మధ్యలోకి రాలేమండి. ముందు అప్పాజీ గారితో సరిచేసుకోండి. ఆయన సరే అంటే అప్పుడు చూద్దాం.”

ఆయన అలా చెప్పినంత మాత్రాన అప్పాజీ గారు నిర్దోషి అయిపోతారా? రెండు నాలుకల మనుషులు ఉండరా?

ఉంటారు.

జులై 18, శుక్రవారం

ఉండొచ్చు. తల నొప్పిగా ఉంది. స్కూలుకు సెలవు పెట్టాను.

అదే రోజు, సాయంత్రం

ఏం రాయాలో తెలియడం లేదు. రాయకుండా అసలు ఊరుకోలేను.

ఇంట్లోనే ఉన్నాను కదా అని అత్తయ్య ఫోను తెచ్చి ఒళ్లో పెట్టింది. తెరిచాను. ‘మీ ఖాతాను నిలిపివేశాం.’ పైన గులాబీ పువ్వు. కింద పేరు, జెస్సీ బంగారం.

“ఇదేంటి అత్తయ్యా?”

“మన జెస్సీ పేరేనమ్మా. పాపం, పోయి రెండేళ్లయింది కదా, గుర్తుగా ఉంటుందని.”

జెస్సీ మా కుక్క.

“మీ పేరు పెట్టుకోవచ్చు కదా!”

“నువ్వే కదే చెప్పావు క్లాసులో! అసలు పేరు పెట్టకండి, మొహాలు పెట్టకండి, మోసగాళ్లు ఉంటారు అని. సుబ్బాయమ్మ నోటుబుక్కులో రాసుకుంది కూడాను.”

అరుగు మీదికి వెళ్లాను. మూడు కావొస్తోంది, అందరూ వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరినీ అడిగాను. చిన్ని చిన్నారి, బుజ్జి నాని, స్వీటీ రోజ్, మనవల పేర్లూ మనవరాళ్ల పేర్లూ. ప్రభువు కృప అంటే సుబ్బాయమ్మ గారు.

“మరి ఆ వీడియో ఎందుకు పంచారమ్మా?”

“వాడి అబద్ధం పది మందికీ తెలియొద్దా అండి?” అంది సుబ్బాయమ్మ గారు. “మాకు తెలుగులో టైపు కొట్టడం రాదు కదా, అందుకని కోపం బొమ్మ పెట్టాం. రోజూ పని మొదలెట్టే ముందు సంపూర్ణమ్మ గారు నొక్కేవారు, ఆవిడ తరవాత మేం నొక్కేవాళ్లం. ఏమ్మా, తప్పా?”

తప్పేం లేదండి అన్నాను. ఆదివారం చర్చిలో ముఠా మొత్తం నా ముందు వరసలో కూర్చుంది. నేను వాళ్ల కొప్పులు చూస్తూ వాళ్ల కోసమే ఫోన్లో వెతికాను.

జులై 19, శనివారం

ఆ ‘గోదావరి గుట్టు’ పేజీని కింది దాకా చదివాను. మొదటి రోజే చేయాల్సిన పని. పూతరేకులు ప్లాస్టిక్‌తో చేస్తారట. కొబ్బరికాయల్లో సూదితో నీళ్లెక్కిస్తారట. రోజుకొక ఊరి మీద రాళ్లు. ఆ మిషను వీడియో అయిదేళ్ల కిందటిది, వేరే రాష్ట్రంలో ఏదో ఫ్యాక్టరీది. ఎవడో ఎక్కడో కూర్చుని చూసేవాళ్ల కోసం అల్లిన కథ. లేసు అని వెతికితే దొరికిన ఫోటో తగిలించాడంతే, వాడికి మా మీద పగా లేదు, మేమెవరమో కూడా తెలియదు. వాడి అబద్ధాన్ని ఊరంతా తిప్పింది మేమే. దాని మీద ఇంకో అబద్ధం నా సొంతం, సర్టిఫికెట్‌తో సహా.

మా ఆయనకు చెప్పాను. వెటకారం చేస్తారనుకున్నాను. “పద, అప్పాజీ గారి దగ్గరికి నేనూ వస్తాను” అన్నారు. ఆ మాటకు ఏడుపొచ్చింది.

అప్పాజీ గారు కుర్చీలు తుడిచి వేయించారు, సోడా తెప్పించారు. నేను చెప్పేది మొత్తం విన్నారు.

“పర్లేదండి. పొరపాట్లు అందరికీ జరుగుతాయండి” అన్నారు. ఆ అండీలు ఒక్కొక్కటీ గుచ్చుకున్నాయి. తిట్టినా బాగుండేది. “మీరు రాసింది మా వియ్యాలవారి ఊళ్లో కూడా చదివారండి. అమ్మాయి ఫోన్ చేసి, నాన్నా నిజమా అని అడిగింది. మీరు మా కొట్టుకొచ్చి చెప్పారు, నాకు చాలు. వాళ్లందరికీ ఎవరు చెబుతారండి?”

బెంగుళూరు మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

జులై 20, ఆదివారం

పేజీలో క్షమాపణ రాశాను. ముఠా లేదు, అది మా సంఘమే. అప్పాజీ గారు ఏ పాపం ఎరగరు, పైగా మా సరుకు గురించి మంచి మాట చెప్పిన మనిషి. తప్పు నాది, నా పేరు హెలెన్. ఇలా మొత్తం.

జులై 21, సోమవారం

తొమ్మిది మంది చూశారు. ఒకరు మా ఆయన, ఒకరు కాకినాడలో ఉండే మా చెల్లెలు సారిక. మొన్న శభాష్ అన్నవాళ్లలో ఒక్కరూ ఇటు తొంగిచూడలేదు.

జులై 22, మంగళవారం

పదకొండు.

జులై 23, బుధవారం

సంఘానికి ఖాతాలన్నా తిరిగి తెచ్చిపెట్టాలని కూర్చున్నాను. ఫేస్‌బుక్కు వాళ్లు ముఖం చూపించమంటున్నారు. ఫోను ఎదురుగా పెట్టుకుని ఇటు తిరగాలి, అటు తిరగాలి, మనిషే అని వాళ్లకు నమ్మకం కుదరాలి.

సంగతి చెప్పానో లేదో అరుగంతా పెళ్లివారి విడిది అయిపోయింది. పౌడరు డబ్బా చేతులు మారింది. ఒకావిడ ఇంటికి పరిగెత్తి జరీ అంచు చీర కట్టుకొచ్చింది. అత్తయ్య కళ్లజోడు తీయాలా ఉంచాలా అని పెద్ద చర్చ. “కుడివైపు తిరగమంటోందే, పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని తిప్పలు పెట్టలేదు” అంది. నవ్వలేక కడుపు నొప్పొచ్చింది.

సుబ్బాయమ్మ గారు మాత్రం వెనక్కి తగ్గింది. “నాకొద్దండి. ఆయన పోయాక ఫోటో దిగలేదు. నా మొహం ఎవరు చూస్తారు?”

అత్తయ్య వెళ్లి పక్కన కూర్చుంది. “మీరు అల్లింది బెంగుళూరు వాళ్లు చూడొచ్చు గానీ మిమ్మల్ని చూడకూడదా? రండి, నాతో పాటు కూర్చోండి.” చెంగుతో ఆవిడ నుదురు తుడిచి, జుట్టు సర్దింది.

ఫోనులో తన ముఖం చూసుకుని సుబ్బాయమ్మ గారు, “మా అమ్మలాగే అయిపోయానండి” అంది. తరవాత నవ్వింది. ఆ నవ్వుతోనే పడింది ఫోటో.

పేర్లు కూడా మార్పించాను. మోసగాళ్లుంటే నేను చూసుకుంటాను అని చెప్పాను. ఈ మాట ఎంతవరకు నిలబెట్టుకుంటానో గానీ, ఇక గులాబీలు వద్దు.

జులై 24, గురువారం

పద్నాలుగు ఖాతాలూ తిరిగి వచ్చాయి. చేతుల్లో లేసు, ముఖాల్లో పౌడరు.

అత్తయ్య రాత్రి అడిగింది. “నీ క్షమాపణ ఎవరూ చూడట్లేదా?”

“లేదు అత్తయ్యా.”

“మరి మాకెందుకు చెప్పలేదు? మేం ఉన్నాం కదా!”

జులై 25, శుక్రవారం

మధ్యాహ్నం స్కూల్లో ఉండగా ఫోను మోగడం మొదలుపెట్టి ఆగలేదు. మూడు దాటింది. సంపూర్ణమ్మ పంచారు. సుబ్బాయమ్మ పంచారు. తరవాత వరసగా మిగతా పన్నెండు మంది, నా క్షమాపణను. కొడుకులకు, కోడళ్లకు, మేనమామలకు, చర్చి గ్రూపులో, డ్వాక్రా గ్రూపులో, స్కూలు పిల్లల తల్లుల గ్రూపులో. ఈసారి కోపం బొమ్మ కాదు, చేతులు జోడించిన బొమ్మ.

సాయంత్రానికి అది నేను రాసిన ఆ తిట్టు పోస్టును దాటేసింది. మా హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూములో పైకి చదివారు. సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చిపోతూనే ఎంతమంది చూశారో లెక్క చూసుకున్నాను.

జులై 26, శనివారం

ఈ రోజు మధ్యాహ్నం అప్పాజీ గారు స్కూటరు మీద వచ్చి అరుగు ముందు ఆగారు. శనివారం మాకు ఒంటిపూట బడి కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను.

“మేడమ్ గారూ, మీకు దండం పెడతాను. ఇక ఆపమనండి.”

“ఏమైందండి?”

“ఏమైందేంటండి! మా వియ్యపురాలు నాలుగుసార్లు ఫోన్ చేసింది. చుట్టాలందరూ ఒకటే పరామర్శ. పాలు పోసే ఆవిడ కూడా, మీరు నిర్దోషంట కదండి అంటోంది. నేను మంచోణ్ణని విని విని నాకే విసుగొచ్చేసిందండి.”

ఎవరు ముందు నవ్వారో తెలియదు. అరుగంతా నవ్వింది. ఆయన కూడా.

అత్తయ్య మాత్రం సూది పక్కన పెట్టింది. నెమ్మదిగా అడిగింది, “బెంగుళూరు వాళ్లతో ఏమన్నా మాట్లాడారా బాబూ?”

“ఆయ్, మాట్లాడే వచ్చానండి. నా మనసులో ఏం లేదు, సరుకు తెప్పించుకోండి అన్నాను. సోమవారం మీకు ఆర్డరు కాగితం పంపిస్తారంట.”

అత్తయ్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇరవై ఏళ్ల ఎదురుచూపు. నేను ఆవిడ వైపు చూడలేక సిమెంటు గచ్చు వైపు చూశాను. నా చేతులతో పోగొట్టబోయింది ఇదే.

కాసేపటికి అత్తయ్య తేరుకుని, “ఇక చాలమ్మా, బాబు గారు అడుగుతున్నారు. ఫోన్లు లోపల పెట్టేయండి” అంది. అందరూ పెట్టేశారు, సుబ్బాయమ్మ గారు తప్ప. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని వేలితో నొక్కుతూనే ఉంది.

“నాదొక్కటి ఉండిపోయిందండి. మా అక్కగారి ఊరికి ఇంకా పంపలేదు. నా పేరు మీద మొదటిసారి కదా, ఆవిడ చూడాలి.”

అప్పాజీ గారు స్కూటరు స్టాండు వేశారు. అరుగు చివర కూర్చున్నారు.

“సరే, అదొక్కటీ వెళ్లనివ్వండి” అన్నారు. “నేను ఉంటాను.”